కాయ ఎక్కువైన రోజు
(తమిళనాడు ధర్మపురి జిల్లా తుంబలహళ్లిలో ఇచ్చిన వర్గీస్ కురియన్ స్మారకోపన్యాస పాఠం)



ఈరోజు నవంబరు 26. వర్గీస్ కురియన్ గారు 1921లో ఇదే తేదీన కోళికోడులో పుట్టారు. గోబిచెట్టిపాళయంలో బడికి వెళ్లారు, మద్రాసు లయోలా కాలేజీలోనూ గిండీ ఇంజనీరింగు కాలేజీలోనూ చదివారు, 1949 మే 13న గుజరాతులోని ఆనంద్‌లో రైలు దిగారు. 2012 సెప్టెంబరు 9న కన్నుమూసేదాకా ఆ ఊరే ఆయన ఊరైంది. దేశమంతా ఈ రోజును జాతీయ పాల దినోత్సవంగా జరుపుకుంటోంది. క్షీర విప్లవ పితామహుడిగా ఆయన్ని పొగిడే ఉపన్యాసాలు ఈరోజు చాలా చోట్ల జరుగుతాయి. నేను బతుకంతా కొనుగోలు పనిలో గడిపినవాణ్ణి. చిత్తూరు, కృష్ణగిరి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ కొన్నాను, పాలు కొన్నాను, డబ్బాలు, డ్రమ్ములు కొన్నాను. అందుకని కురియన్ గారిని నేను ఒక కొనుగోలుదారుగానే చూస్తాను. ఇంకా ముఖ్యంగా, అమ్మేవాళ్లే జీతమిచ్చి పెట్టుకున్న కొనుగోలుదారుగా. అలాంటి కొనుగోలుదారు ఈ దేశంలో అంతకుముందు అరుదు.

కొనుగోలు విభాగంలో చేరిన కుర్రాడికి మొదట నేర్పేది ధర తగ్గించడం. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకో, ఒకరి ధర ఇంకొకరికి చూపించు, ఇంకో పావలా దించు. ఆ విద్యను నేను తీసిపారేయను. కంపెనీ డబ్బు కాపాడటం కొనేవాడి ధర్మమే. కానీ ఆ విద్య పనికొచ్చేది సరుకు రేపు కూడా దొరుకుతుందన్న భరోసా ఉన్నంతవరకే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య సంబంధం ఉందో లేదో సరుకు కరువైన రోజున తెలియదు. ఆ రోజు ప్రతి కొనుగోలుదారూ మర్యాదస్తుడే. తోట గట్టుదాకా కారులో వస్తాడు, అడగకుండానే అడ్వాన్సు చేతిలో పెడతాడు. సరుకు ఎక్కువైన రోజు అదే మనిషి ఫోను ఎత్తుతాడా లేదా, గేటు తీస్తాడా లేదా అన్నది చూడాలి.

ఆనంద్ అప్పట్లో ఖేడా జిల్లాలోని ఊరు. ఆ జిల్లా కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. 1945లో బొంబాయి ప్రభుత్వం నగరానికి పాలు తెప్పించే పథకం పెట్టింది. ఖేడా నుంచి పాలు సేకరించే హక్కు పోల్సన్ అనే ప్రైవేటు డెయిరీకి దక్కింది. నగరంలో ధర పెరిగినా ఊళ్లో పాలు పోసేవాడికి పెరగలేదు. మధ్యలో కాంట్రాక్టర్లు, వాళ్ల చేతిలో కొలత, వాళ్ల నోటి లెక్క. రైతులు సర్దార్ పటేల్ దగ్గరికి వెళ్లారు, 1946లో పదిహేను రోజులు పాలు పోయడం మానేశారు. ఆ ఏడాది డిసెంబరు 14న త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో వాళ్ల సొంత పాల సహకార యూనియన్ రిజిస్టరైంది, తర్వాత అమూల్ పేరుతో దేశానికి తెలిసింది అదే. మొదలుపెట్టినప్పుడు రెండు గ్రామ సంఘాలు, రోజుకు 247 లీటర్లు. ఈ ప్రాంతంలో ఒక మోస్తరు ఊరి పాలకేంద్రానికి ఈరోజు అంతకన్నా ఎక్కువే వస్తుంది.

అందరూ సమ్మె దగ్గర, జెండా దగ్గర ఆగిపోతారు. కొనుగోలు పనిలో ఉన్నవాడికి అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. గేదె చలికాలంలో ఎక్కువ పాలిస్తుంది. ఖేడాలో చలికాలపు పాలు ఎండాకాలం పాలకు దాదాపు రెండున్నర రెట్లు. బొంబాయి ఏడాది పొడుగునా ఒకేలా తాగుతుంది. చలికాలంలో మిగిలిన పాలు మాకొద్దని నగరం అంటే రైతు ఏం చేయాలి? గేదెకు చెప్పి పాలు ఆపించలేడు. తీసుకోం అన్న రోజున ఆ పాలు వెన్నకో నెయ్యికో తక్కువ ధరకు పోవాలి, లేదా మళ్లీ పాత కాంట్రాక్టరు గుమ్మానికే చేరాలి. అలా నాలుగు చలికాలాలు గడిస్తే యూనియన్ పేరుకు మాత్రమే మిగిలేది.

కురియన్ గారూ ఆయన సహచరుడు హెచ్.ఎం. దలాయా గారూ చేసిన పని ఇక్కడే ఉంది. గేదె పాలతో పాలపొడి చేయడం కుదరదని పాశ్చాత్య నిపుణులు అనేవారు. కొవ్వు ఎక్కువ, యంత్రం పట్టుకోదు అన్నారు. దలాయా గారు చేసి చూపించారు. యూనిసెఫ్, న్యూజిలాండ్ సాయంతో కట్టిన ఆ ఫ్యాక్టరీని 1955 అక్టోబరు 31న నెహ్రూ గారు ప్రారంభించారు. దాని లాభం పొడి అమ్మకాల్లో ఎంతన్నది నాకు రెండో సంగతి. చలికాలంలో కూడా పాలకేంద్రం తలుపు మూయక్కర్లేదని సభ్యులకు మాట ఇవ్వగలిగారు, అదీ అసలు లాభం. పోసినన్ని పాలు తీసుకుంటాం అనే మాట చెప్పడానికి ఒక పెద్ద యంత్రమే కావలసి వచ్చింది. సరఫరాదారుతో సంబంధం అంటే ఏడాదికోసారి హోటల్లో సమావేశం పెట్టి శాలువా కప్పడం అనుకునే కంపెనీలు ఈ లెక్క చూడాలి.

సహకార సంఘం అని బోర్డు పెట్టగానే ఇది జరిగిపోదు. చిత్తూరు విజయ డెయిరీ కూడా సహకార సంస్థే. 2002లో మూతపడింది. అంత పెద్ద కొనుగోలుదారు ఒక్కసారిగా లేకుండా పోతే చుట్టూ వందల ఊళ్లలో పాలు పోసేవాళ్ల బేరం బలం ఏమవుతుందో పలమనేరు, కుప్పం వైపు చుట్టాలున్న మీకు నేను చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2023 జూలైలో, ఆ డెయిరీ స్థలంలోనే అమూల్‌తో పునరుద్ధరణకు శంకుస్థాపన జరిగింది.

ఇక మన కాయ సంగతి.

2025 వేసవి ఈ గుంపులో చాలామంది మర్చిపోయి ఉండరు. తోతాపురి విరగకాసింది. మీరు బెంగళూర అంటారు, చిత్తూరులో తోతాపురి అంటారు, ఫ్యాక్టరీలో రెండూ ఒకే డ్రమ్ములోకి పోతాయి. కృష్ణగిరిలో కిలో నాలుగైదు రూపాయలకు పడిపోయిందని రైతులు రోడ్డెక్కారు. చిత్తూరులో ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం ఇంకో 4 కలిపి 12 చేస్తుందని ఆంధ్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ ధర చూసి పక్క రాష్ట్రాల లారీలు వస్తాయని జూన్ 7న చిత్తూరు కలెక్టరు బయటి తోతాపురి జిల్లాలోకి రాకుండా ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి ఆంధ్ర ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. చివరికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద కర్ణాటకకు 2.5 లక్షల టన్నులకు క్వింటాలు 1,616 రూపాయల చొప్పున, ఆంధ్రకు 1.62 లక్షల టన్నులకు 1,490.73 రూపాయల చొప్పున ధర కట్టి, తేడాలో తన వాటా భరించడానికి ఒప్పుకుంది. ఒకే చెట్టు, ఒకే కాయ, మూడు రాష్ట్రాలు, మూడు ధరలు. కర్ణాటక శ్రీనివాసపురం తోట నుంచి పలమనేరు ఫ్యాక్టరీకి తరతరాలుగా కాయ తోలిన రైతుకు ఒక ఉత్తర్వుతో ఆ దారి మూసుకుపోయింది.

ఫ్యాక్టరీల వాళ్లు చెప్పిన కారణం అబద్ధం కాదు. ముందు ఏడాది తీసిన గుజ్జు అమ్ముడుపోకుండా గోదాముల్లో ఉంది. గుజ్జును 215 కిలోల అసెప్టిక్ డ్రమ్ముల్లో నింపితే ఏడాదిన్నర దాటి నిల్వ ఉంటుంది. అంటే ఈ ఏటి కాయ ధరను నిరుటి డ్రమ్ము కూడా నిర్ణయిస్తుంది. గల్ఫ్ నుంచి, యూరప్ నుంచి ఆర్డరు తగ్గితే, మన దేశంలో మామిడి పానీయాలు అమ్మే పెద్ద కంపెనీలు కాస్త తక్కువ ఎత్తుకుంటే, గోదాములో వరస పెరుగుతుంది. ఆ వరస గురించి జనవరిలోనే ఫ్యాక్టరీకి తెలుసు. రైతుకు తెలిసేది జూన్‌లో, లోడెక్కించాక. నా ఫిర్యాదు ధర మీద కన్నా ఈ ఐదు నెలల మౌనం మీదే ఎక్కువ. జనవరిలో పూత మీద ఉన్న తోటకు ఆ సమాచారం అంది ఉంటే ఎంతోమంది అదనంగా మందులు కొట్టేవాళ్లు కాదు, కొందరు ఊరగాయ వ్యాపారికి పచ్చికాయగానే ముందే అమ్ముకునేవాళ్లు, తోట గుత్తకు తీసుకునేవాడు తన సొమ్మును ఆ లెక్కన పెట్టేవాడు.

గేటు దగ్గర జరిగేది కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నేను గేటుకు లోపలి వైపు నిలబడ్డ మనిషిని. సీజన్‌లో టోకెన్ ఇచ్చి లారీని నిలబెడతారు. ఒక రాత్రి, ఒక్కోసారి రెండు రాత్రులు. ఎండలో కాయ బరువు తగ్గుతుంది, కింది వరస మెత్తబడుతుంది. తీరా కాటా ఎక్కాక అది నాసిరకం అని సూటు, అంటే తూకంలో తరుగు, కోస్తారు. ఆలస్యం చేసింది కొనేవాడు, నష్టం రాసింది అమ్మేవాడి ఖాతాలో. దళారులు కాయ కొనే ర్యాంపుల దగ్గర ఇది ఇంకా గుట్టుగా జరుగుతుంది, అక్కడ కాటా చూపించమని అడిగే ధైర్యం చిన్న రైతుకు ఉండదు. నేను పనిచేసిన ఒక చోట టోకెన్ మీద గేటుకు వచ్చిన సమయం రాయాలని, ఆ సమయం దాటి నిలబెట్టిన ప్రతి పూటకూ తరుగు ఫ్యాక్టరీ భరించాలని అడిగాను. రాశారు, ఒక సీజన్ నడిచింది, తర్వాత ఆ గడి టోకెన్ మీద నుంచి మాయమైంది. ఆ ఒక్క సీజన్‌లో మాత్రం మా గేటుకు మంచి కాయ ముందుగా వచ్చింది. దూరం నుంచి కూడా వచ్చింది. బ్రిక్స్, అదే తీపి కొలత, ఎప్పుడూ లేనంత నిలకడగా ఉంది. కారణం పెద్ద రహస్యం కాదు. ఎక్కడ నిలబెట్టరో డ్రైవర్లకు తెలుసు, డ్రైవర్లు చెప్పిన గేటుకే రైతు లోడు పంపుతాడు.

ఆనంద్ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. పొద్దున పోసిన పాలకు సాయంత్రం డబ్బు, సాయంత్రం పాలకు మర్నాడు పొద్దున డబ్బు. పాలు పోసే మనిషి ముందే కొలత, వెన్న శాతం పరీక్ష. ఏ కులంవారైనా ఒకే వరస. ఇవి చిన్న నియమాల్లా కనపడతాయి. వీటిలో ఒక్కటి తీసేసినా మిగతావి నిలబడవు. పరీక్ష కళ్లముందు జరగకపోతే ధర ఎంత పెట్టినా అనుమానం పోదు. డబ్బు ఆలస్యమైతే పరీక్ష ఎంత నిజమైనా రైతు వడ్డీ వ్యాపారి దగ్గరికే పోతాడు. అప్పు ఇచ్చినవాడు కొన్నాళ్లకు పాలూ తనకే పోయమంటాడు.

డబ్బు గడువు సంగతిలో చట్టం చెరకును కాస్త గౌరవించింది. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో మిల్లు డబ్బు కట్టాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. పాలక్కోడు మిల్లుకు చెరకు తోలినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు, కాగితానికీ బ్యాంకు పుస్తకానికీ ఉన్న దూరం నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. అయినా కాగితం ఉండటం గొప్పే. దాన్ని పట్టుకుని అడగవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. చిన్న ఫ్యాక్టరీలకు రావలసిన డబ్బుకూ 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం గరిష్ఠంగా 45 రోజుల గడువు పెట్టింది. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను నిబంధన ఒకటి దానికి కోరలు తొడిగింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపు కట్టని బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి కొన్న కంపెనీకి వీల్లేదు. హోసూరులో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్న మన పిల్లలకు ఇది పనికొచ్చే ఆయుధం, తెలుసుకుని ఉండండి. మామిడి రైతు చేతిలో మాత్రం గడువు రాసిన కాగితం ఉండటం చాలా అరుదు.

ప్రతి సరుకుకూ ఇలాంటి దీర్ఘకాలపు చుట్టరికం అవసరమని నేను అనను. ధర్మపురి పట్టుగూళ్ల మార్కెట్టే చూడండి. గూడు కట్టిన పదిపన్నెండు రోజులకు పురుగు చిలకై బయటికి వచ్చేస్తుంది, అప్పుడిక దారం తీయడం కుదరదు. అంటే పట్టుగూడు రైతుకు టమాటా రైతంత తొందర ఉంది. అయినా అతనికి తన గూళ్లు కొని దారం తీసే రీలరుతో స్నేహం అక్కర్లేదు. నలుగురి ముందూ వేలం జరుగుతుంది, తూకం ప్రభుత్వ మార్కెట్టులో జరుగుతుంది. తూకానికీ వేలానికీ మూడో మనిషి నిలబడినప్పుడు ఇవాళ ఒకరికి, రేపు ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఆ మూడో మనిషి లేని చోటే ఇద్దరి మధ్యా నమ్మకం కావాలి. మామిడి ఫ్యాక్టరీ గేటు అలాంటి చోటు.

ఇప్పటిదాకా కొనేవాణ్ణే తప్పుపట్టాను. అమ్మేవాడి వైపు చూడకపోతే ఈ మాటలు సగమే నిజం. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో 150 రూపాయలు దాటింది. ఆ నెలలో ఒప్పందం ప్రకారం పాత ధరకే సరుకు పంపిన రైతులు ఎంతమంది? నాకు తెలిసిన ఊళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పెట్టెలు రాత్రికి రాత్రి మార్కెట్టుకు మళ్లాయి. రైతును నేను నిందించలేను. ఏళ్ల తరబడి కాయను రోడ్డు పక్కన పారబోసిన మనిషికి ఒక్క నెల కలిసొస్తే ఆ నెలను వదులుకోమని చెప్పే నైతిక హక్కు ఎవరికుంది? కానీ కెచప్ ఫ్యాక్టరీ కొనుగోలు అధికారి ఆ నెలలో ఏం నేర్చుకున్నాడో కూడా ఆలోచించండి. రైతుతో ఒప్పందం చిత్తుకాగితమని నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది ధర పడిపోయినప్పుడు తనూ ఆ కాగితాన్ని అలాగే చూశాడు. ఇద్దరూ ఒకరికొకరు నేర్పిన పాఠమే.

ఒకే స్థిర ధర రాసుకున్న ఒప్పందం ఎప్పటికైనా ఇలాగే చిరుగుతుంది. మార్కెట్టు ధర బాగా కిందికి పోతే కొనేవాడు పారిపోతాడు, బాగా పైకి పోతే అమ్మేవాడు పారిపోతాడు. పాల సహకార సంఘాలు దీనికి ఎప్పుడో దారి వెతికాయి. రోజువారీ ధర ఒకటి, ఏడాది చివర లాభం లెక్క కట్టి పోసిన పాలను బట్టి పంచే బోనస్ ఇంకొకటి. మంచి ఏడాదిలో తన వాటా తనకు వస్తుందని తెలిస్తే మధ్యలో పక్క డెయిరీ లీటరుకు రూపాయి ఎక్కువిస్తానన్నా మనిషి కదలడు. చెరకులోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్న సి. రంగరాజన్ గారి అధ్యక్షతన వేసిన కమిటీ 2012లో చక్కెర, దాని తొలి ఉపఉత్పత్తుల ఆదాయంలో 70 శాతం రైతుకు, 30 శాతం మిల్లుకు అని లెక్క చెప్పింది. తమిళనాడు 2018లో చట్టం చేసి ఆదాయ వాటా పద్ధతికి మారింది. చాలామంది చెరకు రైతులకు అది నచ్చలేదు, అంతకుముందు రాష్ట్రం ప్రకటించే ధరే మేలన్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉందని నేను నమ్ముతాను. వాటా పద్ధతి అంటే అమ్మకం లెక్క చూసే హక్కు కూడా రైతుకు ఉండాలి. చక్కెర ఎంతకు అమ్మారు, ఎప్పుడు అమ్మారు, మొలాసిస్ ఎవరికి పోయింది అన్నది మిల్లు ఆఫీసులోనే ఉండిపోతే 70 శాతం అన్న అంకెకు అర్థం లేదు. ఆనంద్‌లో ఆ లెక్క సర్వసభ్య సమావేశంలో సభ్యుల ముందు చదివేవాళ్లు.

హోసూరు నుంచి వచ్చిన తమ్ముళ్ల కోసం ఫ్యాక్టరీల మాట కొంచెం. 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయేదాకా హోసూరు కూడా ధర్మపురి జిల్లాయే. టైటాన్ గడియారాల కంపెనీ 1980ల్లో అక్కడికి వచ్చి ఈ జిల్లా పల్లెల్లో ఇంటర్ చదివిన పిల్లల్ని తీసుకుని గడియారం చేయడం నేర్పింది. తర్వాత మైరాడా సంస్థ పెంచిన స్వయం సహాయక సంఘాల్లోని ఆడవాళ్లు మెడో అనే కంపెనీ పెట్టుకుని టైటాన్‌కు గడియారపు గొలుసు పట్టీలు బిగించి ఇవ్వడం మొదలుపెట్టారు. అందులో వాటాదారులు ఆ ఆడవాళ్లే. ఇందులో నాకు ముఖ్యంగా కనపడేది క్రమం. ముందు సంఘం, పొదుపు, లెక్క రాసుకోవడం. ఆ తర్వాతే పెద్ద కంపెనీతో బేరం. సంఘం లేకుండా నేరుగా కంపెనీ గేటుకు వెళ్లి ఉంటే వాళ్లు కూలికి పిలిచిన మనుషులుగానే మిగిలేవాళ్లు.

టీవీఎస్ మోటార్ 2002లో నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతి తెచ్చుకున్నప్పుడు హోసూరు చుట్టూ ఉన్న విడిభాగాల వర్క్‌షాపుల్లోనూ పండగ వాతావరణం కనిపించింది, వాళ్లు ఎదగకుండా ఆ కంపెనీ అంతెత్తుకు వెళ్లేది కాదు. జపాన్‌లో ఇంకో సంగతి జరిగింది. 1997 ఫిబ్రవరి 1న కరియాలోని ఐసిన్ ఫ్యాక్టరీ కాలిపోయింది. టయోటా కార్ల బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడి నుంచే వచ్చేది. నిల్వ కొన్ని గంటలకు సరిపడా. టయోటా లైన్లు నిలిచిపోయాయి. అప్పుడు రెండు వందల దాకా కంపెనీలు, కుట్టుమిషన్లు చేసే కంపెనీతో సహా, ఆ వాల్వు తయారీకి దిగాయి. ధర ఎంత, ఎవరిస్తారు అన్న మాట ముందు పెట్టకుండానే దిగాయి. వారం తిరగకుండా కార్లు మళ్లీ బయటికి వచ్చాయి. కొనేవాడి కష్టకాలంలో అమ్మేవాళ్లు అలా పరుగెత్తుకు రావాలంటే దానికి ముందు ఏళ్లపాటు వాళ్ల కష్టకాలంలో కొనేవాడు నిలబడి ఉండాలి. అప్పటికప్పుడు ఫోను చేసి పిలిస్తే రారు.

మన జిల్లాలోనే ఇంకా దగ్గరి పాఠం ఒకటుంది, దాని గురించి ఈ ఊళ్లో ఎక్కువగా మాట్లాడుకోవాలని నా కోరిక. 2004లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతంలో కచ్చిత సేద్య (ప్రిసిషన్ ఫార్మింగ్) పథకం మొదలుపెట్టింది. 400 హెక్టార్లు, మూడేళ్లు, 7.20 కోట్ల రూపాయలు. మొదటి ఏడాది 100 హెక్టార్లకు పూర్తి ఖర్చు ప్రభుత్వానిదే, రెండో ఏడాది 200 హెక్టార్లకు 90 శాతం, మూడో ఏడాది చివరి 100 హెక్టార్లకు 80 శాతం. రైతు వాటా ఏటేటా పెరుగుతుంటే కూడా చేరేవాళ్లు తగ్గలేదు. బిందు సేద్యం, నీటిలో కరిగే ఎరువు, ట్రేల్లో పెంచిన నారు గురించి అందరూ రాశారు. నాకు విలువైనదిగా తోచేది ఇంకొకటి: రైతుల్ని గుంపులుగా చేర్చి సంఘాలు కట్టించారు. ఆ సంఘాలు పైపులు, ఎరువులు అమ్మే కంపెనీలతో కలిసికట్టుగా బేరమాడాయి. మార్కెట్టుకు ముందే వెళ్లి వ్యాపారికి ఎలాంటి కాయ, ఏ సైజు, ఏ పెట్టెలో కావాలో అడిగి తెలుసుకున్నాయి. అంటే ఒకే సంఘం పొద్దున కొనుగోలుదారు, సాయంత్రం సరఫరాదారు. రెండు వైపులా కూర్చున్న మనిషికి ఎదుటివాడి ఇబ్బంది అర్థమవుతుంది. ఫ్యాక్టరీల్లో కొనుగోలు అధికారి ఒక్కసారి కూడా అమ్మకం బల్ల వెనక కూర్చోకుండానే రిటైరవుతాడు.

కొనేవాడు అమ్మేవాడి తోటలో పెట్టుబడి పెట్టిన ఉదాహరణ కూడా పక్కనే ఉంది. 2011లో కోకాకోలా, జైన్ ఇరిగేషన్ కలిసి చిత్తూరు జిల్లాలో ఉన్నతి అనే పథకం పెట్టి, మామిడిని మూడు మీటర్లకు రెండు మీటర్ల దూరంలో, ఎకరాకు 674 మొక్కల చొప్పున నాటించాయి. పాత పద్ధతిలో ఎకరాకు నలభై చెట్లు. దిగుబడి పెరుగుతుంది, కాపు తొందరగా వస్తుంది, నిజమే. కాకపోతే నా అభిప్రాయం దాచుకోను: దిగుబడి పెంచమని చెప్పిన కొనుగోలుదారు, పెరిగిన దిగుబడి మొత్తం ఏ ఏడాదైనా ఎత్తుకుంటానని కూడా రాసివ్వాలి. లేకపోతే 2025 లాంటి ఏడాదిలో ఆ 674 మొక్కలూ రైతు మెడకే చుట్టుకుంటాయి. ఖేడాలో పాలు పెంచమని చెప్పకముందే మిగులు పాలకు పొడి ఫ్యాక్టరీ కట్టారు. వరస అలా ఉండాలి.

ఇక ఈ ఊరికి నా సూచన. తుంబలహళ్లి జలాశయం కింద, ఎన్నేకొల్‌పుదూరు నుంచి దక్షిణ పినాకిని నీళ్లు కాలువలో వస్తాయని ఎదురుచూస్తున్న ఈ ఊళ్లలో నీళ్లు వచ్చిన ఏడాది టమాటా, మామిడి రెండూ పెరుగుతాయి. నీళ్లతో పాటు కాయ ఎక్కువైన రోజులూ పెరుగుతాయి. వాటికి సిద్ధంగా ఉండాలి. మామిడి పూత రావడానికి ఇంకా వారాల వ్యవధి ఉంది. ఈ లోపే మీ రైతు సంఘం ఒక పేజీ కాగితం రాసుకుని కృష్ణగిరి వైపు గుజ్జు ఫ్యాక్టరీల దగ్గరికి వెళ్లాలి. ఒక్క ఫ్యాక్టరీ దగ్గరికి కాదు, కనీసం మూడింటికి. అందులో ధర గురించి ఒక్క అంకె రాయకండి. ముందు వీటికి ఒప్పుకునే ఫ్యాక్టరీ ఏదో చూడండి. గోదాములో మిగిలిన గుజ్జు ఎంతో జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి సంఘానికి చెప్పాలి. టోకెన్ మీద గేటుకు వచ్చిన సమయం రాయాలి, ఎనిమిది గంటలు దాటితే తరుగు ఫ్యాక్టరీది. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, అంకె డ్రైవరుకు కనపడే వైపు తిరిగి ఉండాలి. బ్రిక్స్ పరీక్ష సంఘం మనిషి ముందు జరగాలి. డబ్బుకు 14 రోజులు, చెరకుకు పెట్టినట్టే. సంఘం వైపు నుంచి కూడా రెండు మాటలు రాయాలి: పచ్చికాయను కార్బైడ్ పెట్టి మగ్గబెట్టి తేము, బయట ధర పెరిగినా రాసుకున్న లోడ్లలో సగం మీకే తోలుతాం. సగం అని నేను కావాలనే అంటున్నాను. మొత్తం అని రాస్తే నిలబెట్టుకోలేరు, రెండో ఏడాదికి ఆ కాగితం మళ్లీ చిత్తుకాగితమే.

ఒప్పుకునే ఫ్యాక్టరీ దొరుకుతుందా అని వెనక వరసలో ఒక అన్న ఇందాకే అడిగాడు. దొరుకుతుంది. గేటు ముందు మంచి లోడు ముందుగా నిలబడటం ఎంత లాభమో గుజ్జు తీసేవాడికి తెలుసు. పెద్ద ఫ్యాక్టరీల కన్నా మధ్యరకం వాటి దగ్గరికి ముందు వెళ్లండి, అక్కడ యజమాని సంతకం నేరుగా దొరుకుతుంది. మొదటి ఏడాది ఇరవై లోడ్లకు మించి రాసుకోవద్దు. ఇరవై లోడ్ల లెక్క సంఘం పుస్తకంలో తేదీ, టోకెన్ సమయం, తూకం, బ్రిక్స్, డబ్బు వచ్చిన రోజు వేరువేరు గడుల్లో ఉండాలి. ఆ పుస్తకం రాయడానికి పాలకేంద్రంలో లెక్క చూసే అక్కను అడగండి. ఆమెకు ఈ పని వచ్చు, రోజుకు రెండు పూటలా చేస్తూనే ఉంది.